యోలాండా బలాష్ గురించి నాలుగు మాటలు

మిత్రులారా, నిన్న హైజంప్ దిగ్గజాల గురించి మాట్లాడుకున్నప్పుడు అందరూ క్యూబా జంపర్ సోటోమేయర్, బల్గేరియా జంపర్ కోస్టాడినోవాల దగ్గరే ఆగిపోయారు. రొమేనియాకు చెందిన యోలాండా బలాష్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. నా దృష్టిలో ఆమెకు సాటి మరొకరు లేరు.

1936లో తిమిషోవారాలో పుట్టారు. 1956 నుంచి 1961 వరకు 14 సార్లు ప్రపంచ రికార్డు ఆమె పేరున నమోదైంది. 1.75 మీటర్లతో మొదలైన ఆ ప్రయాణం 1.91 దాకా వెళ్లింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మాత్రం అయిదో స్థానమే దక్కింది. నాలుగేళ్ల తర్వాత రోమ్‌లో చూడండి: ఆమె 1.85 దాటితే, రజతం గెలిచినవారు 1.71 దగ్గర ఆగిపోయారు. ఏకంగా 14 సెంటీమీటర్ల తేడా! హైజంప్‌లో ఒక్క సెంటీమీటరే పతకాన్ని తారుమారు చేస్తుందని మనందరికీ తెలుసు కదా. టోక్యోలో మళ్లీ స్వర్ణం, ఈసారి 1.90తో.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఇదంతా పాతకాలపు కత్తెర పద్ధతికి (కాళ్లను కత్తెరలా ఒకదాని తర్వాత ఒకటి బార్ మీదుగా దాటించే పద్ధతి) మార్పులు చేసుకుని సాధించారు. ఆ పద్ధతిలో నడుము పైభాగం నిటారుగా ఉంటుంది కాబట్టి, అదే బార్‌ను దాటడానికి శరీరాన్ని మరింత పైకి లేపాలి. ఆమె పొడవైన కాళ్లు సాయపడ్డాయి, నిజమే. కానీ ఆ కాళ్లకు తగ్గ లయను ఏళ్ల తరబడి సాధన చేయించింది కోచ్ యోన్ సోటెర్. తర్వాత ఆయననే పెళ్లి చేసుకున్నారు.

1961లో సోఫియాలో నెలకొల్పిన 1.91 రికార్డును 1971లో గానీ ఎవరూ దాటలేకపోయారు. మన పిల్లలకు చెప్పే పేర్లలో ఈమె పేరూ చేర్చండి, దయచేసి.