జనాభా లెక్కల పట్టిక గురించి నాన్నగారికి

లక్సెంబర్గ్,
2025 నవంబరు 16.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు.

ఇక్కడ నేను క్షేమం. పోయిన ఆదివారం ఫోనులో మీరు "పొద్దస్తమానం టేబుళ్లు, టేబుళ్లు అంటావు, అసలు అందులో నువ్వు చేసేదేమిటిరా?" అని అడిగినప్పుడు నేను సరిగా చెప్పలేకపోయాను. ఈ మాట ఫోనులో తేలేది కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. అదీగాక, పోయిన నెలలో నేను చేసిన ఒక పొరపాటు చెబితే తప్ప నా పని ఏమిటో మీకు అర్థం కాదు.

మా కంపెనీ ఐరోపా సంఘపు గణాంక సంస్థ అయిన యూరోస్టాట్ ప్రచురించే జనాభా, ఉపాధి లెక్కలను తెచ్చి, మా ఖాతాదారులు ప్రశ్నలు అడగడానికి వీలుగా డేటాబేసులో టేబుళ్లుగా, అంటే పట్టికలుగా, అమర్చుతుంది. నేను రాసిన ఒక క్వెరీ, అంటే డేటాబేసును అడిగే ప్రశ్న, లక్సెంబర్గ్ జనాభాను 27 లక్షలుగా చూపించింది. మన పాత వరంగల్ జిల్లాలో ఐదో వంతు మంది కూడా లేని దేశమిది. ఉన్నది ఏడు లక్షల లోపే. ఇక్కడ నివసిస్తున్నాను కనుక ఆ అంకె చూడగానే ఉలిక్కిపడ్డాను. జర్మనీ అంకె కూడా కోటికి పైగా ఎక్కువ వచ్చింది గాని, ఎనిమిది కోట్లు దాటిన దేశంలో ఆ తేడా నా కంటికి ఆనలేదు.

కారణం చాలా చిన్నది. ఐరోపా ప్రాంతాలను నట్స్ అనే వర్గీకరణలో దేశం కింద మూడు అంచెలుగా విభజిస్తారు. ఈ దేశం మరీ చిన్నది కావడంతో మూడు అంచెల్లోనూ దేశమే ప్రాంతం: ఎల్‌యు, ఎల్‌యు0, ఎల్‌యు00, ఎల్‌యు000 అని నాలుగు కోడ్లు, నాలుగింటికీ పేరు ఒక్కటే. బెర్లిన్, హాంబర్గ్ నగరాలు కూడా ఇలాగే మూడేసి అంచెల్లో ఒకే పేరుతో ఉంటాయి. జనాభా టేబుల్‌ను ప్రాంతాల టేబుల్‌తో కోడ్ మీద కాక పేరు మీద జాయిన్ చేశాను, అంటే రెండిటిలోనూ పేరు ఒకటైన వరుసలను జతకలిపాను. ఉన్నది ఒక్క వరుసే అయినా పేరు కలిసిన ప్రతి చోటా అది మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంది. కూడమంటే కంప్యూటర్ కూడింది. పాపం, దాని తప్పేమీ లేదు.

పేరును నమ్మరాదని మన ఊరివాడికి ఇంకొకరు చెప్పాలా! మన ఇంటి చిరునామానే చూడండి. 2011లో అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, వరంగల్ జిల్లా. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 దసరా నాడు జిల్లా వరంగల్ అర్బన్ అయింది, 2021 ఆగస్టులో హనుమకొండ అయింది. ఇంట్లో ఒక్క ఇటుక కదలకుండానే మనం మూడు జిల్లాలు మారాము. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అప్పటి వరంగల్ రూరల్ ఇప్పుడు వరంగల్ జిల్లా అనే పేరుతో ఉంది. పేర్లతో పాటు కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. 2011 లెక్కల్లో వరంగల్ జిల్లా జనాభా 35,12,576. ఆ అంకెను నేటి వరంగల్ జిల్లా పక్కన పెట్టి, జనం ఇంతగా తగ్గారేమిటని ఎవరైనా వ్యాసం రాస్తే ఆశ్చర్యం లేదు.

అందుచేత జిల్లా పేరును జనాభా టేబుల్‌లో రాయకూడదు. లెక్కను అన్నిటికన్నా చిన్న ప్రాంతానికి, అంటే గ్రామానికో పట్టణ వార్డుకో కట్టి, దాని కోడ్‌తో నిలుపుకోవాలి. ఆ గ్రామం ఏ జిల్లాలో ఉందన్నది వేరే టేబుల్: గ్రామం కోడ్, జిల్లా కోడ్, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు. ఇలా పెట్టుకుంటే "2011 జనాభాను నేటి హనుమకొండ ఎల్లల ప్రకారం చెప్పు" అన్న ప్రశ్నకు కూడా ఒక జాయిన్‌తో జవాబు వస్తుంది. రేపు ఇంకో జిల్లా ఏర్పడినా పాత వరుసలకు ఒక ముగింపు తేదీ, కొత్త వరుసలు కొన్ని. అంతకు మించి ముట్టుకోవలసింది లేదు.

ఇక తేదీల సంగతి. ఇది జనాభా లెక్కల డ్యూటీ చేసిన మీ దగ్గరే నేర్చుకున్నానని చెప్పాలి. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న తరువాత, మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ అవే ఇళ్లకు వెళ్లారు. ఈ మధ్యలో పుట్టినవారిని చేర్చి, పోయినవారి పేర్లు కొట్టివేశారు. మీరు రాసిన తేదీ ఏదైనా, ఆ కాగితం చెప్పేది మాత్రం మార్చి 1 సున్నా గంటల నాటి మాట. టేబుల్‌లో కూడా ఈ రెండూ వేర్వేరు కాలమ్‌లుగా ఉండాలి: లెక్క ఏ నాటిది, అది మనకు ఏ నాడు తెలిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011 జనాభాను తొలుత తాత్కాలికంగా 8,46,65,533 అని ప్రకటించారు, తుది లెక్కల్లో అది 8,45,80,777 అయింది. రెండూ 2011 మార్చి 1 నాటి అంకెలే. పాతదాన్ని చెరిపి కొత్తది రాస్తే, మొదటి అంకెతో నివేదిక రాసినవాడు అబద్ధమాడినట్టు కనిపిస్తాడు. కాబట్టి రెండు వరుసలూ ఉంచి, తాత్కాలికమా తుదా అన్న గుర్తుకు ఇంకో కాలమ్ పెడతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సంవత్సరానికి ఒక కాలమ్ చొప్పున అడ్డంగా టేబుల్ వేశాను. ఇలాంటి గుర్తు రాసుకోవడానికి అందులో చోటే లేకపోయింది. ఇప్పుడు నిలువుగా వేస్తాను: ఏ చోటు, ఏ నాటిది, దేని లెక్క, ఎంత, ఎలాంటిది. ఒక వరుసకు ఒక్క అంకె.

ఖాళీ గడి గురించి ఒక్క మాట. ఒక ఊళ్లో ఈ నెల 12 మంది పుట్టారు, రెండో ఊళ్లో ఎవరూ పుట్టలేదు, మూడో ఊరి నుంచి కాగితమే రాలేదు. రెండో గడిలో సున్నా ఉండాలి, మూడోదాన్ని ఖాళీగానే వదలాలి. అప్పుడు సగటు 6 అని వస్తుంది. గడి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదని ఎవరైనా అక్కడ కూడా సున్నా పెడితే 4 అవుతుంది, ఏ క్వెరీ కూడా ఆ తప్పును పట్టుకోలేదు. శాతాలకు సగటు కట్టడం కూడా ఇలాంటి అపచారమే. పదివేల మంది ఉన్న ఊళ్లో 80 శాతం, వెయ్యి మంది ఉన్న తండాలో 40 శాతం చదువుకున్నారంటే మొత్తం మీద 60 శాతం కాదు, 76కు పైనే. అందుకే శాతాన్ని నేను టేబుల్‌లో దాచను. చదువుకున్నవారు ఎందరు, మొత్తం ఎందరు అని రెండు లెక్కలూ దాచి, అడిగినప్పుడే భాగిస్తాను.

నా 27 లక్షల తప్పు ఎవరికీ చేరకముందే దిద్దుకున్నాను, కంగారు పడకండి. ఇప్పుడు ప్రతి టేబుల్‌కూ చోటు, తేదీ, విషయం, ప్రకటించిన నాడు అనే నాలుగింటినీ కలిపి ప్రైమరీ కీగా, అంటే ఏ రెండు వరుసలకూ ఒకటి కాకూడని గుర్తుగా, పెడుతున్నాను; అదే వరుస రెండోసారి వస్తే డేటాబేసే తోసిపుచ్చుతుంది. జాయిన్ వల్ల పుట్టే నకళ్లను మాత్రం అది ఆపలేదు కనుక, ప్రతి క్వెరీకీ ముందు ఎన్ని వరుసలు, తరువాత ఎన్ని వరుసలు అని లెక్కపెట్టి చూసుకుంటున్నాను.

వచ్చే జనాభా లెక్కలు 2027 మార్చి 1 నాటివని ప్రకటించారు కదా, చెల్లికి బడి నుంచి డ్యూటీ పడవచ్చు. దానికి మీ రెండో విడత సంగతి చెప్పండి. అన్నట్టు, ఆ ఫిబ్రవరి 28 రాత్రి మన వీధి చివరి ఇంట్లో పాప పుట్టిందని, పన్నెండుకు ముందా తరువాతా అని తేల్చుకోవడానికి మీరు ఆసుపత్రి చీటీ అడిగి చూశారని గుర్తుంది. చివరకు ఆ పాపను లెక్కలో చేర్చారా లేదా అన్నది మాత్రం గుర్తు లేదు. జవాబులో తప్పక రాయగలరు.

ఇట్లు,
మీ కుమారుడు