రీనోలో ఉన్న మల్లికి

అనంతపురం
ఆదివారం రాత్రి

ఒరేయ్ మల్లీ,

నువ్వు పంపిన ఫోటో మా అమ్మకి చూపించినాను. బోడి గుట్టలు, ఎండిన పొదలు, మధ్యలో ఎంత దూరం చూసినా అయిపోని తెల్లటి బిల్డింగు, నువ్వు పనిచేసే బ్యాటరీ ఫ్యాక్టరీ. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "ఇది మన పెనుకొండ దావ కదా, మల్లిగాడు ఎప్పుడొచ్చినాడు?" అని అడిగింది. అమెరికా అని చెబితే నమ్మలేదు. ఆమె చెప్పింది కూడా నిజమేరా. మీ రీనో ఉన్న నెవాడా అంటే అమెరికాలో అన్నిటికంటే తక్కువ వానలు పడే రాష్ట్రం. అలాంటి చోట 2014లో పని మొదలుపెట్టి, 2017 జనవరికల్లా కరెంటు కార్ల టెస్లా, పానాసోనిక్ కలిసి బ్యాటరీ సెల్స్ చేయడం మొదలుపెట్టారంటే, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా పాలిటెక్నిక్‌లో ఫైనలియర్ పిల్లలకు దాని మీదే ఒక క్లాసు చెప్పినాను. ముందు వాళ్లకు సైజు అర్థం కావాలి కదా. ఏడాదికి 35 గిగావాట్ అవర్లు చేయాలని అక్కడ మొదట అనుకున్నారు. గిగావాట్ అవర్ అంటే ఎవరికీ అందలేదు. మన కరెంటు బిల్లు లెక్కలో చెప్పినాను. ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల యూనిట్లు. ఒక్కో కారుకి 50 యూనిట్ల బ్యాటరీ అనుకుంటే 20 వేల కార్లు. 35తో హెచ్చవేస్తే ఏడు లక్షల కార్లు. వెనక బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే పిల్లోడు కూడా లేచి కూర్చున్నాడు.

తర్వాత నువ్వు ఫోన్లో చెప్పిన పని అంతా వరుసగా చెప్పినాను. తప్పుంటే రాయి, దిద్దుకుంటాను. నల్లటి పొడిని ద్రావకంలో కలిపి దోశ పిండిలా చేస్తారు. తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చని రేకు మీద దాన్ని పూస్తారు. యానోడ్‌కి, అంటే మైనస్ వైపుకి, రాగి రేకు మీద గ్రాఫైట్; క్యాథోడ్‌కి, అంటే ప్లస్ వైపుకి, అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన పొడి. పొడవాటి ఓవెన్లలో ఆరబెట్టి, రోలర్ల కింద నొక్కి, చీల్చి, రెంటి మధ్య పల్చటి పొర పెట్టి చాపలా చుడతారు. డబ్బాలో పెట్టి, లిథియం అయాన్లు అటూ ఇటూ పోవడానికి ఎలక్ట్రోలైట్ అనే ద్రవం పోసి మూత బిగిస్తారు. అయినా సెల్ తయారైనట్టు కాదు. మెల్లగా మొదటి ఛార్జింగు ఇచ్చి, రోజులకు రోజులు అలమార్లలో పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. లోపల కంటికి కనబడని లోహపు నలుసు ఒక్కటి ఉన్నా ఎప్పుడో ఒకరోజు షార్టయి కాలిపోతుంది.

సెల్స్ చేసే తేమ లేని గది, అదే డ్రై రూమ్, దగ్గరికొచ్చేసరికి క్లాసంతా నిశ్శబ్దం. చుక్క నీరు తగిలినా ఎలక్ట్రోలైట్ చెడి యాసిడ్ పుడుతుందని, అందుకే గాలిలో తేమ మంచుగా మారే డ్యూ పాయింట్‌ని మైనస్ 40 డిగ్రీల కంటే కిందికి దించుతారని, ఆ గదిలోకి తేమ తెచ్చేది ముఖ్యంగా మనుషుల ఊపిరీ చెమటే కాబట్టి ఎంతమంది లోపలికి పోవాలో కూడా లెక్క ఉంటుందని చెప్పినాను. ఒక అమ్మాయి లేచి, "సార్, వాన కోసం ఆకాశం చూసే ఊరు మాది. తేమ లేని గాలికి ఇంత ఖర్చా?" అని అడిగింది. మన ఎండాకాలపు గాలి కూడా ఆ గదికి చిత్తడే అని చెప్పాల్సి వచ్చింది. గాలి ఆరబెట్టే మిషన్లూ, ఓవెన్లూ ఎంత కరెంటు తాగుతాయో ఆ పనిలోనే ఉన్న నీకు నేను చెప్పేదేముంది.

ఆ కరెంటు మన దగ్గర ఉందిరా. ఎన్‌.పి. కుంటలో ఎన్టీపీసీ వాళ్ల 250 మెగావాట్ల సోలార్ 2016 నుంచే ఉంది. కర్నూలు దగ్గర గని, శకునాల పక్క వెయ్యి మెగావాట్ల పార్కు. పిన్నాపురంలో పగలు నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి 1680 మెగావాట్లు తీసే ప్రాజెక్టు. అది కూడా ఒక బ్యాటరీయే కదా, లిథియం బదులు నీళ్లు. ఇంత ఎండని అమ్ముకుంటున్నాం, దాన్ని దాచే డబ్బా మాత్రం బయటి నుంచి కొంటున్నాం.

పోయిన నెల పిల్లల్ని స్కూటర్ బ్యాటరీలు చేసే ఒక చిన్న యూనిట్‌కి తీసుకుపోయినాను. చైనా నుంచి అట్టపెట్టెల్లో సెల్స్ వస్తాయి. బొటనవేలంత లావు ఉంటాయి. మన పిల్లోళ్లు వాటిని ట్రేలో పేర్చి, పైన నికెల్ పట్టీలు వెల్డింగ్ చేసి, బోర్డు కలిపి, పెట్టెలో బిగిస్తారు. శుభ్రంగా చేస్తున్నారు, నేను కాదనను. కానీ పాణం ఉన్నది సెల్‌లో. పెట్టె బిగించడం ఆరు నెలల్లో ఎవరైనా నేర్చుకుంటారు. సెల్ చేయడం నేర్చిన ఊరిని మాత్రం ఎవరూ తీసిపారేయలేరు.

చిత్తూరు జిల్లాలో మొదలైన అమరరాజా 9,500 కోట్లతో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో గిగా ఫ్యాక్టరీకి, అంటే పెద్ద ఎత్తున బ్యాటరీలు చేసే ఫ్యాక్టరీకి, 2023లో శంకుస్థాపన చేసింది. 16 గిగావాట్ అవర్లంట. ఆ ఊరికి మంచి జరగాలి. మన వైపు కూడా ఒకటి రావాలని నాకు ఎంత ఉందో నీకు తెలుసు. వస్తే ఎట్లా రావాలో కూడా అంతే గట్టిగా ఉంది.

ఎర్రమంచి గుర్తుందా? కియా రాకముందు అక్కడ ఏముండేది? 2019లో మొదటి కారు బయటికొచ్చిన రోజు ఊరంతా పండగ. హంద్రీనీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకి చేరాయి కాబట్టే అది నిలబడింది. ఇంకో పెద్ద ఫ్యాక్టరీ వస్తే నీళ్ల మాట మొదటి రోజే తేల్చాలి. వాడిన నీళ్లు మళ్లీ శుద్ధి చేసి వాడాలి, ఆ ద్రావకం ఆవిరి గాల్లోకి పోకుండా పట్టి తిరిగి వాడాలి. మన బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి. శనక్కాయల చేనుకి అందని నీళ్లు ఏ ఫ్యాక్టరీకి పోయినా నేను ఒప్పుకోను. ఈ మాట నాయన బతికుంటే ఇంకా గట్టిగా అనేవాడు.

రెండోది పిల్లలు. మన దగ్గర చదివిన ఒక పిల్లోడికి ఒక కంపెనీలో టెక్నీషియన్ ఉద్యోగం అన్నారు. పోయి చూస్తే కాంట్రాక్టరు కింద పెట్టెలు మోసే పని. ఎనిమిది నెలలకి తిరిగొచ్చి ఇప్పుడు బెంగళూరులో డెలివరీ చేస్తున్నాడు. క్లాసులో వాడు చేసిన సర్క్యూట్ ఇంకా నా బీరువాలో ఉంది. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. ఫ్యాక్టరీ వచ్చాక మనుషుల్ని వెతికితే జరిగేది ఇదే. మిక్సింగు, కోటింగు, తేమ కొలవడం తెలిసిన వంద మంది పిల్లలు ముందే తయారుగా ఉంటే, కంపెనీవాళ్లు వాళ్లని గేటు దగ్గర నిలబెట్టలేరు.

అందుకే అడుగుతున్నా. సంక్రాంతికి వస్తున్నావు కదా, ఒక వారం ముందే రా. మా ల్యాబులో బయటి గాలి తగలకుండా రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి పనిచేసే ఒక పాత గ్లోవ్ బాక్సు మూలన పడి ఉంది, రబ్బరు చేతులు చీలిపోయినాయి. ఏ సైజువి కొనాలో, సిలికా జెల్ ఎంత పెట్టాలో రాయి, నేను ఈలోగా బాగుచేయిస్తాను. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడినాను, మూడు రోజులు నీకే వదిలేస్తామన్నారు. నాణెమంత సెల్ ఒక్కటి పిల్లలు తమ చేత్తో చేసి, చిన్న బల్బు వెలిగించాలి. మొదటిసారి వెలగకపోయినా పరవాలేదు, ఎందుకు వెలగలేదో నువ్వు పక్కన నిలబడి చెప్పాలి.

అమ్మ ఊరిబిండి, సంగటి చేస్తానంటోంది. చెల్లెల్నీ పిల్లల్నీ అడిగినానని చెప్పు. గ్లోవ్స్ సైజు మాత్రం మరిచిపోవద్దురా, ఈ వారమే రాయి.

నీ
ఓబులేసు