ఆదివారం రైడ్: టేబుల్ దగ్గర జనం చాలు, మలుపుల దగ్గర కావాలి

కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా సైకిల్ షాపు నడిపిస్తున్న 20 కిలోమీటర్ల విరాళాల రైడ్ గురించి, ఆ వారం షాపు పనుల గురించి ఈ కబురు. వచ్చిన డబ్బు నడవలేనివాళ్లకి చేత్తో తొక్కే మూడు చక్రాల బళ్లు కొనిచ్చే ఒక సేవా సంస్థకి వెళ్తుంది. రైడర్లుగా 120 మంది పేర్లిచ్చారు. వాలంటీర్లుగా 29 మంది వస్తామన్నారు. సంతోషమే. కాకపోతే ఆ 29 మందిలో 17 మంది అడిగింది రిజిస్ట్రేషన్ టేబుల్. అక్కడ కావాల్సింది నలుగురే. మలుపుల దగ్గర నిలబడే మార్షల్స్ 14 మంది కావాలి, అడిగినవాళ్లు ఐదుగురు.

టేబుల్ దగ్గర నీడ ఉంటుంది, కబుర్లుంటాయి, ఫోటోలుంటాయి. మలుపు దగ్గర ఇవేవీ ఉండవు. అయినా టేబుల్ దగ్గర ఒకరు తగ్గితే వరుస పది నిమిషాలు సాగుతుంది, అంతే. మలుపు దగ్గర ఒకరు తగ్గితే ఇరవై మంది తప్పుదారిలో పోతారు. అందుకే టేబుల్ అడిగినవాళ్లలో సగానికి పైగా మందిని రోడ్డు మీదకి మారుస్తున్నాం. ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే చెప్పేయండి, ఏమీ అనుకోం. ఆదివారం తెల్లవారుజామున చెప్తే మాత్రం అనుకుంటాం.

లెక్క ఇదీ. మలుపులకి 14, సగం దారిలో నీళ్ల పాయింటుకి 4, రిజిస్ట్రేషన్‌కి 4, మెకానిక్‌లు 4, ముందు నడిపేవాళ్లు ఒకరు, చివర వచ్చే స్వీప్‌లు ఇద్దరు, డబ్బు దగ్గర ఇద్దరు, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరు. మొత్తం 33. దీని మీద ఏ పనీ అప్పగించకుండా అయిదుగురిని స్టార్ట్ దగ్గర ఉంచుతాం. పొద్దున్నే జ్వరమనో, బండి స్టార్ట్ కాలేదనో కనీసం ఇద్దరు ముగ్గురు ఆగిపోతారు. ఆ ఖాళీల్లోకి వీళ్లు వెళ్తారు. వీళ్లు కాక టీమ్ లీడర్లు అయిదుగురు. అంటే అన్నీ కలిపి 43 మంది, పేరిచ్చిన 29 మందీ చాలరు. లీడర్ చేతికి ఏ పనీ ఉండకూడదు. లీడరే బాటిళ్లు నింపుతూ కూర్చుంటే టీమ్‌లో మిగతావాళ్లు ఎవరినడగాలో తెలియక ఆయన వంకే చూస్తుంటారు. చురుకైనవాళ్లనే లీడర్లుగా పెడతాం కాబట్టి వాళ్లు చేతులు కట్టుకుని నిలబడలేరు, చిక్కంతా అక్కడే.

ఇక మార్షల్స్ వేళలు. ‘పొద్దున 6 నుంచి 9 వరకు’ అని అందరికీ ఒకటే రాసేస్తే సగం మంది ఊరికే ఎండలో నిలబడతారు, మిగతా సగం ముందే వెళ్లిపోతారు. అందుకని ఎవరి మలుపుకి వాళ్ల వేళ విడిగా కడుతున్నాం. 20 మంది చొప్పున ఆరు జట్లు, 3 నిమిషాల తేడాతో బయల్దేరతాయి: మొదటిది 6 గంటలకి, చివరిది 6:15కి. అందరికన్నా వేగంగా తొక్కేవాళ్లకి గంటకి 25 కిలోమీటర్లు, అందరికన్నా నెమ్మదిగా వచ్చేవాళ్లకి 10 అనుకున్నాం. 12వ కిలోమీటరు మలుపుకి మొదటి సైకిల్ 6:29కి వస్తుంది. చివరిది 7:27కి రావాలి, కానీ నీళ్ల దగ్గర పది నిమిషాలు ఆగుతారు కదా, 7:37. ఈ ఆగే సమయం లెక్కలో మర్చిపోవడం చాలా మామూలు. అక్కడి మార్షల్ 6:15కల్లా ఉండాలి, స్వీప్ వచ్చి ‘అయిపోయింది, వెళ్లండి’ అని చెప్పేదాకా కదలకూడదు. మధ్యలో పది నిమిషాలు ఒక్క సైకిలూ రాకపోతే అంతా వెళ్లిపోయారనిపిస్తుంది. వెళ్లిపోరు, వెనక ఎవరిదో పంక్చరై ఉంటుంది. 2వ కిలోమీటరు దగ్గరివాళ్లకి మాత్రం 6:30కే పని అయిపోతుంది. వాళ్లు నేరుగా ఫినిష్ దగ్గరికి రావాలి, మొదటి రైడర్ 6:48కి అక్కడికి చేరతారు.

ఎక్కడ నిలబడాలన్నది కూడా ముఖ్యమే. మలుపు లోపలి అంచున నిలబడొద్దు. సైకిళ్లు కోసుకుంటూ వచ్చేది అక్కడికే. బయటి అంచున, రోడ్డు దిగి, వచ్చేవాళ్లకి ఎదురుగా నిలబడాలి. నోటితో ‘ఎడమ, కుడి’ అనొద్దు. మీరు వాళ్లకి ఎదురుగా ఉన్నారు, మీ కుడి వాళ్ల ఎడమ. తొందరలో నోరు జారుతుంది. చెయ్యి ఒక్కటే చాలు: తిరగాల్సిన వైపు భుజం ఎత్తులో చాచి, వాళ్లు మిమ్మల్ని దాటేదాకా అలాగే ఉంచండి. ఊపితే దూరం నుంచి ‘రండి రండి’ అన్నట్టో, ‘ఆగండి’ అన్నట్టో కనిపిస్తుంది. ఇంకోటి, కార్లనీ లారీలనీ ఆపడం మన పని కాదు, ఆ అధికారం పోలీసులది. మన పని సైకిల్ తొక్కేవాళ్లని హెచ్చరించడం వరకే.

ప్రతి మార్షల్‌కీ ఒక అట్టముక్క ఇస్తాం. మీ మలుపు ఫోటో, నిలబడే చోట గుర్తు, చేరాల్సిన వేళ, లీడర్ నంబరు, అత్యవసర నంబరు, అంతే. ఫోన్‌లో లొకేషన్ పంపితే అది ఒక్కోసారి పక్క వీధిలో చూపిస్తుంది, అందుకే ఫోటో. వాట్సాప్ గ్రూపులో ఆ రోజు శుభోదయాలు వద్దని మనవి. వాటి కింద ‘9వ మలుపులో ఎవరూ లేరు’ అన్న మెసేజ్ కొట్టుకుపోతుంది.

బాణం గుర్తులు మలుపుకి 50 మీటర్ల ముందు ఒకటి, మలుపులో ఒకటి, తిరిగాక కొంచెం దూరంలో ఇంకొకటి. మూడోది దండగ అనుకుంటారు గానీ, సరైన దారిలోనే ఉన్నామన్న ధీమా దానివల్లే వస్తుంది. ముందు రోజు రాత్రి కట్టం. తెల్లారేసరికి కొన్ని మాయమవుతాయి, గుండ్రటి స్తంభానికి కట్టినవి గాలికి తిరిగి వేరే దారి చూపిస్తాయి. పొద్దున 5 గంటలకి ఒక్కోదాన్నీ రెండు ముళ్లతో బిగించి కడతాం. విప్పే పని స్వీప్‌లది, వాళ్ల సంచిలో కట్టర్ ఉంటుంది.

నీళ్ల పాయింటులో మనిషికి అర లీటరు చొప్పున 60 లీటర్లు కావాలి, 20 లీటర్ల క్యాన్లు నాలుగు పెడుతున్నాం. వరుస పెరిగేది నీళ్లు తక్కువై కాదు, కుళాయి ఒక్కటే ఉంటే. అందుకే మూడు కుళాయిలు ఉంటాయి.

మెకానిక్‌ల పని: స్టార్ట్ దగ్గర ఇద్దరు, నీళ్ల దగ్గర ఒకరు, స్వీప్‌తో ఒకరు. స్టార్ట్‌లో చూసేది గాలి, బ్రేకులు, చైను, ఈ మూడే. గేర్లు సరిచేయమని ఆ పూట అడగకండి. పంక్చరైతే దారిలో ప్యాచ్ వేయం, ట్యూబే మారుస్తాం. సొల్యూషన్ ఆరేదాకా ఆగితే స్వీప్ కూడా ఆగాలి. కొత్త ట్యూబ్ పెట్టేముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో ఒకసారి తుడవాలి. వేలితో వద్దు, తెగుతుంది. ముల్లు ఎక్కడుందో గుడ్డకి తగులుకుంటుంది. ఈ ఒక్కటి వదిలేస్తే కిలోమీటరు పోకముందే కొత్త ట్యూబూ పోతుంది. 26, 27.5, 29, 700సి సైజులు మా దగ్గరుంటాయి. సన్న వాల్వు రిమ్ముకి కారు టైరు లాంటి లావు వాల్వు దూరదు కాబట్టి 700సిలో రెండు రకాలూ తెస్తాం. ఆ ట్యూబుల ఖర్చు షాపుదే.

పేరిచ్చిన 120 మందీ రారు. స్టార్ట్ గీత దాటిన నంబర్లనే రాసుకోవాలి, ఫినిష్‌లో సరిచూడాల్సింది ఆ జాబితాతోనే. మధ్యలో మానేసి ఇంటికి వెళ్లేవాళ్లు దయచేసి దగ్గర్లోని మార్షల్‌కి నంబరు చెప్పి వెళ్లండి. చెప్పకపోతే మీరు ఇంట్లో నిద్రపోతుంటే మేం రోడ్డంతా వెతుకుతుంటాం.

డబ్బు షాపు ఖాతాలోకి రాదు. క్యూఆర్ కోడ్ సంస్థదే. దాని మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించే వీలుంది కాబట్టి గంటకోసారి స్కాన్ చేసి పేరు చూస్తాం. మీరూ పంపేముందు పేరు చూసుకోండి. విరాళం పెట్టె మా దగ్గర, తాళం చెవి సంస్థ మనిషి దగ్గర. లెక్కించేటప్పుడు ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఒకరికొకరు చెప్పుకోకుండా చీటీల మీద రాస్తారు, తర్వాత పోలుస్తారు. ఒకరు గట్టిగా అంకె చెప్పేస్తే రెండోవాళ్ల లెక్క తెలియకుండానే దాని దగ్గరికి వచ్చేస్తుంది. వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, ఇచ్చింది ఎంత అన్న మూడు అంకెలూ 7 రోజుల్లో షాపు తలుపుకి అంటిస్తాం.

దీనివల్ల షాపుకీ పేరొస్తుంది, దాచడమెందుకు. అందుకే మా బ్యానరు ఒక్కటే, అది ఫినిష్ దగ్గర.

బుధవారం తర్వాత సర్వీసుకిచ్చిన సైకిళ్లు పై మంగళవారం గానీ దొరకవు. ఆదివారం షాపు మూసి ఉంటుంది. మార్షల్స్ గురువారం సాయంత్రం 7కి షాపుకి రండి, అట్టముక్కలు అప్పుడే ఇస్తాం. మెరిసే జాకెట్లు 10 ఉన్నాయి, ఇంకా నాలుగు కావాలి. మీ ఇంట్లో ఉంటే వచ్చేటప్పుడు పట్టుకురండి.