హైదరాబాద్ పాటలన్నీ దొరికాయి

మా అమ్మకు పొద్దున్న ఆరింటికి పాటలు వినపడాలి. గత నెలలో పదకొండు రోజులు ఆ టైముకి మా ఇంట్లో చప్పుడు లేదు. మొన్న ఆదివారం నుంచి మళ్ళీ మోగుతున్నాయి. అలా మోగించిన మనిషి బెంగళూరులో ఉంటాడు. నేనింతవరకు ముఖం చూడలేదు. పేరు ఎక్కడా రాయొద్దని మాట తీసుకున్నాడు. సరే తమ్ముడూ, పేరు రాయను. చేసిన పని రాయొద్దని మాత్రం నువ్వు అనలేదు కదా, అది రాస్తాను.

మాది తెనాలి. మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, ఇంట్లో ఉన్న నాలుగు వందల పైచిలుకు క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం. టేప్ రికార్డర్ నుంచి వైరు లాగి, క్యాసెట్ మొత్తం ప్లే అయ్యేదాకా పక్కనే కూర్చునేవారు. గంట క్యాసెట్ ఎక్కాలంటే గంట పట్టాల్సిందే, తొందరపెట్టడానికి లేదు. తర్వాత పాటకు పాట విడదీసి, వేవ్ ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా, దాచేవారు. ఎంపీ3 చేస్తే జాగా కలిసొస్తుంది నాన్నా అంటే వినలేదు. వేవ్ అంటే నిమిషానికి పది ఎంబీ పైనే, ఒక గంట క్యాసెట్ 600 ఎంబీ దాటుతుంది. అలా 4,186 ఫైళ్ళు, దాదాపు 250 జీబీ. అన్నిటికీ పేర్లు తెలుగులోనే టైపు చేశారు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో రికార్డు చేసుకున్నవి ఒక ఫోల్డర్, హైదరాబాద్ కేంద్రం కచేరీలు ఇంకో ఫోల్డర్, మా ఊరి సభల్లో పట్టినవి వేరే. వినడానికి ఐట్యూన్స్ అనే పాటల ప్రోగ్రాం వాడేవారు. ప్రతి పాట పక్కన కామెంట్లో ఏదో ఒకటి రాసేవారు. ‘రేడియో ముందు టేప్ పెట్టి పట్టినది, మధ్యలో మొరిగేది పక్కింటి కుక్క’ అని ఒకదానికి ఉంటుంది. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఇవన్నీ ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఆ మధ్య టిక్కు టిక్కుమని శబ్దం చేయడం మొదలుపెట్టింది. సెలవులకి వచ్చిన మా మేనల్లుడు చూసి, అత్తా ఇది ఎక్కువ రోజులు ఉండదని చెప్పి, అదే రాత్రి కూర్చుని ఉన్నవన్నీ తన పాత మ్యాక్‌లోకి ఎక్కించాడు. అక్కడి నుంచి జిప్ మూటలు కట్టి కొత్త డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. వాటిని మా విండోస్ లాప్‌టాప్‌లో నేనే విప్పుకున్నాను. వాడు వెళ్ళిన నాలుగో రోజుకి పాత డ్రైవ్ పూర్తిగా ఆగిపోయింది. వాడా రాత్రి కూర్చోకపోతే ఈ పోస్టు రాసేదాన్నే కాదు. కాబట్టి మొదటి దండం మా మేనల్లుడికి. తర్వాత జరిగిన గొడవ తనవల్లేనని వాడు బాధపడుతున్నాడట, ఆ మాట తీసెయ్యరా.

కొత్త డ్రైవ్ పెట్టి ఐట్యూన్స్ తెరిచాను. పాటల పట్టిక యథాతథంగా ఉంది. ఒకటి నొక్కితే, అసలు ఫైలు దొరకడం లేదు, ఎక్కడుందో చూపిస్తారా అని అడిగింది. పాట పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు పడింది. ఇంకోటి నొక్కాను, దానికీ పడింది. ఇక్కడ నన్ను బాగా భయపెట్టింది ఏమిటంటే, నేను నొక్కే కొద్దీ గుర్తులు పెరుగుతున్నాయి. అంటే నేను ముట్టుకున్నదల్లా పోతోందనుకున్నాను! ఆ పాటను తెరవబోయినప్పుడు మాత్రమే ఐట్యూన్స్ ఫైలు ఉందో లేదో చూస్తుందని, గుర్తు అప్పుడే పెడుతుందని నాకు అప్పటికి తెలియదు.

టెన్షన్లో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మా ఊరి సభల ఫోల్డర్‌ను కొత్తగా లైబ్రరీలో, అంటే ఐట్యూన్స్ పాటల పట్టికలో, చేర్చాను. పాటలు వచ్చాయి, మోగాయి కూడా. కానీ పాడినవారి పేరు లేదు, రాగం లేదు, నాన్నగారి కామెంట్ లేదు. ఎన్నిసార్లు విన్నారో చూపే గడి ఖాళీ. ఒట్టి ఫైలు పేరు మిగిలింది. పాత ఎంట్రీ గుర్తుతో పైన, కొత్తది కింద, ప్రతి పాటా రెండేసి. ఇంక ఆ గుర్తులున్న పాతవన్నీ డిలీట్ చేసేద్దామని సెలెక్ట్ చేసి పెట్టుకుని, ఎందుకో చెయ్యి ఆగి, మా సంగీతం వాట్సాప్ గ్రూపులో అడిగాను.

రెండు నిమిషాల్లో ఈ తమ్ముడి మెసేజ్ వచ్చింది. ‘మేడమ్, దయచేసి ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. పాటలు పోలేదు, అడ్రస్ మారింది. నేను ఫోన్ చేయొచ్చా?’

ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాడు. ముందు చేయించిన పని, మ్యూజిక్ ఫోల్డర్లో ఐట్యూన్స్ అనే ఫోల్డర్ ఉంటే, దాన్ని మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించడం. నాన్నగారు రాసినవన్నీ అందులోని లైబ్రరీ ఫైల్లోనే ఉన్నాయట. వేవ్ ఫైళ్ళ సంగతి అదే. ఐట్యూన్స్‌లో మనం రాసుకున్న వివరాలు వేవ్ పాటలోకి వెళ్ళవు, లైబ్రరీలోనే ఉంటాయి. అందుకే నేను కొత్తగా చేర్చినప్పుడు పాటలు బోసిగా వచ్చాయి. ఎంపీ3 అయితే పేరూ కామెంటూ ఫైల్లోనే ఉంటాయి కాబట్టి కొంత బతికేవి, ఎన్నిసార్లు విన్నారు, ఎప్పుడు చేర్చారు అనేవి మాత్రం దానికీ పోయేవే. పాతవి డిలీట్ చేసి ఉంటే 250 జీబీ పాటలు మిగిలేవి, మా నాన్న పోయేవారు. ఆ మాట నేనే అన్నాను ఫోన్లో. కాసేపు అవతలి నుంచి ఏమీ వినపడలేదు. తర్వాత ‘అక్కా, నిదానంగా చేద్దాం’ అన్నాడు. మేడమ్ అక్కడితో అయిపోయింది.

నేను రెండోసారి చేర్చిన వాటిని ముందు తీయించాడు. చేర్చిన తేదీ ప్రకారం వరుస పెడితే ఆ రోజువన్నీ ఒకచోటికి వచ్చాయి. తీసేటప్పుడు ఫైలును రీసైకిల్ బిన్‌కి పంపాలా అని అడిగితే మాత్రం వద్దనాలి, ఆ ఒక్క చోట తడబడొద్దని మూడుసార్లు చెప్పాడు.

తర్వాత అడిగిన ప్రశ్న: ‘పాత డ్రైవ్ ఏ అక్షరంతో కనిపించేది?’ ఎఫ్. కొత్తది జీ. లైబ్రరీలో ప్రతి పాటకూ ఎఫ్ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలు అని పూర్తి దారి రాసి ఉంటుంది. ఇల్లు మారి పోస్ట్‌మ్యాన్‌కి చెప్పనట్టు! నాలుగు వేల ఉత్తరాల మీద అడ్రస్ దిద్దడం కంటే, కొత్త ఇంటికే పాత డోర్ నంబర్ తగిలిస్తే సరిపోతుంది. విండోస్‌లో డ్రైవ్‌ల సంగతి చూసే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిపించి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేయించి, అక్షరం మార్చే చోట ఎఫ్ పెట్టమన్నాడు. ఎఫ్ లేదు, అప్పటికే పెట్టి ఉన్న పెన్‌డ్రైవ్ దాన్ని తీసేసుకుంది. పెన్‌డ్రైవ్ ఊడదీశాక వచ్చింది. ఐట్యూన్స్ మూసి తెరిచి, ఇందాక మొరాయించిన పాట నొక్కాను. మోగింది. లోపలి గదిలోంచి అమ్మ ‘వచ్చిందా?’ అని కేకేసింది.

అంతటితో అయిపోయిందనుకుని ఆ రాత్రి నిద్రపోయాను. పొద్దున్న అమ్మ హైదరాబాద్ కచేరీ ఒకటి అడిగింది. మళ్ళీ ఆశ్చర్యార్థకం. ఆ ఫోల్డర్లో ఏది నొక్కినా అంతే. విజయవాడవన్నీ భేషుగ్గా ఉన్నాయి, హైదరాబాద్‌వి ఒక్కటీ లేదు. రాష్ట్రం 2014లో విడిపోయింది, మా లాప్‌టాప్‌లో ఇప్పుడు విడిపోయిందేమో అనుకున్నాను. విచిత్రం ఏమిటంటే డ్రైవ్ తెరిచి చూస్తే హైదరాబాద్ ఫోల్డర్ ఎదురుగానే ఉంది, అవే పేర్లు, అవే ఫైళ్ళు. డబుల్ క్లిక్ చేస్తే విడిగా మోగుతున్నాయి కూడా. ఐట్యూన్స్ మాత్రం లేవంటోంది.

రెండో రాత్రి తమ్ముడు ముందుగా, పోయినవి ఎన్నో తేల్చుకుందాం అన్నాడు. దీనికో చిట్కా ఉంది, మీలో ఎవరికైనా పనికొస్తుంది. ఒక మామూలు ప్లేలిస్ట్ చేసి, లైబ్రరీలోని పాటలన్నీ అందులోకి లాగాలి. ఫైలు దొరకని పాటలు అందులోకి రావు. తర్వాత ఒక స్మార్ట్ ప్లేలిస్ట్ చేసి, పై ప్లేలిస్ట్‌లో లేనివి చూపించు అని నియమం పెడితే పోయినవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. మాకు 634 వచ్చాయి. అందులో 402 హైదరాబాద్ ఫోల్డర్‌వి. మిగతా 232 అక్కడక్కడా చెదిరి ఉన్నాయి.

‘ఆ 232 పేర్లు నాకు చదివి వినిపించు అక్కా’ అన్నాడు. చదవడం మొదలుపెట్టాను. ఆనందభైరవి. సింధుభైరవి. కైలాసం. వైకుంఠం. మళ్ళీ భైరవి. చెన్నై సభ. మైసూరు… ఏడెనిమిది చదివేసరికి నా గొంతు నాకే ఆగిపోయింది. నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. 26 ఏళ్ళుగా పిల్లలకు గుణింతం చెబుతున్నాను. అన్నిటిలోనూ ఐత్వం!

అతను అవతల నవ్వుతున్నాడు. ముందే అనుమానించాడట, నాచేత పట్టించాలని చదివించాడు. హైదరాబాద్‌లో మొదటి అక్షరానికే ఐత్వం కాబట్టి ఫోల్డర్ పేరు తేడా వచ్చి, లోపల ఐత్వం లేనివి కూడా దానితో పాటే మాయమయ్యాయి.

జరిగింది ఇదీ. కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, ఐత్వం మొత్తానికి కలిపి ఒకే గుర్తు. రెండోది, పైన ఎత్వం ఒక గుర్తు, కింద వచ్చే మెలిక వేరే గుర్తు. మనం చేత్తో రాసేటప్పుడు చేసేది రెండోదే కదా, తలమీద ఎత్వం ఇచ్చి కింద మెలిక తిప్పుతాం. కంటికి రెండూ ఒక్కటే. విండోస్‌లో నాన్నగారు టైపు చేసినవి మొదటి రకం. పాత మ్యాక్‌లలో ఉండే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పద్ధతి ఫైలు పేర్లను రెండో రకంగా, విడగొట్టి దాస్తుంది. అక్కడే జిప్ మూట కట్టడంతో విడగొట్టిన పేర్లే విండోస్‌కి వచ్చాయి. విండోస్‌కి ఆ రెండూ వేరు వేరు పేర్లు. తప్పు ఎవరిదీ కాదు, రెండు రూపాలూ సక్రమమైనవే. మన గుణింతంలో ఈ తిప్పలు ఐత్వానికి ఒక్కదానికే. అచ్చుగా రాసే ‘ఐ’కి కూడా లేదు. కన్నడంలో ఐదు గుర్తులకు ఉందట. బెంగళూరులో కన్నడ ఫైళ్ళతో ఒకసారి తల బద్దలు కొట్టుకున్నాడు కాబట్టే మన ఐత్వం మీద అతనికి వెంటనే అనుమానం వచ్చింది.

నేను నమ్మలేదు. అయితే ఒక ఫైలు పేరు మార్చబోయినట్టు చేసి, ‘భై’ తర్వాత కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొట్టమన్నాడు. ఐత్వం మొత్తం పోవాల్సింది, కింది మెలిక మాత్రమే పోయి ‘భె’ మిగిలింది. మా నాలుగో తరగతి పిల్లలకు చూపించాలనిపించింది.

ఇక్కడ కూడా అతను లైబ్రరీ జోలికి పోలేదు. లైబ్రరీలో రాసి ఉన్నది సరైన పేరే, డ్రైవ్‌లో ఉన్న పేరే మారింది, కాబట్టి మార్చాల్సింది డ్రైవ్‌లో అన్నాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పన్నెండు వరుసల ప్రోగ్రాం రాసి పంపాడు. విడగొట్టిన రూపాన్ని ఎన్‌ఎఫ్‌డి అని, కలిపినదాన్ని ఎన్‌ఎఫ్‌సి అని అంటారట, ఈ ప్రోగ్రాం విడగొట్టినదాన్ని కలిపినదిగా మారుస్తుంది. లోపలి ఫైళ్ళ పేర్లు ముందు, బయటి ఫోల్డర్ పేరు ఆఖరున. లేకపోతే మధ్యలో దారి తెగుతుంది. మొదటిసారి ఏమీ మార్చకుండా, ఏది ఏమవుతుందో జాబితా మాత్రమే చూపించేలా నడిపించాడు. ఆ జాబితా ఇద్దరం మొదటి నుంచి చివరి దాకా చూశాం. అప్పుడు గానీ అసలుది నడపనివ్వలేదు. అది నడవడానికి పట్టింది ఐదారు సెకన్లు.

634లో 617 వచ్చాయి. హైదరాబాద్ మొత్తం వచ్చింది. రాత్రి పన్నెండు దాటింది, అమ్మ మేలుకునే ఉంది, పెట్టమంది, సౌండ్ తగ్గించి పెట్టాను. ఆ కచేరీ పక్కన అంకె చూశాను. నాన్నగారు దాన్ని 211 సార్లు విన్నారు. చివరిసారి విన్న తేదీ ఆయన్ని ఆస్పత్రిలో చేర్పించిన రోజు, పొద్దున్న 5:52.

మిగిలిన 17 అసలు ఆ డ్రైవ్‌లోనే లేవు. పైన అటక మీద పడేసిన పాత డెస్క్‌టాప్‌ని దింపి, మా వీధి చివర రిపేరు షాపు కుర్రాడికి ఇస్తే పైసా తీసుకోకుండా తెరిచిపెట్టాడు. అందులో 13 ఉన్నాయి. వాటిని డ్రైవ్‌లోకి తెచ్చి, ఆశ్చర్యార్థకం నొక్కి, ఇదిగో ఇక్కడుందని ఐట్యూన్స్‌కి చూపించాను. ఒకటి చూపించగానే, మిగతావి కూడా ఇదే చోట వెతకనా అని అదే అడిగింది. ఈ పని నేనొక్కదాన్నే చేశాను, ఫోన్ లేకుండా. తమ్ముడూ, గమనించు.

తనకేం ఇవ్వాలో అడిగితే, ఆ 402 కచేరీల్లో ఒకటి వినిపించమన్నాడు. స్పీకర్లో పెట్టి ఫోన్ దాని ముందు పెట్టాను, అరగంట కట్ చేయకుండా విన్నాడు. లైబ్రరీ ఫైలు, పాటలు ఇప్పుడు రెండేసి కాపీలు ఉన్నాయి, ఒకటి మా చెల్లి ఇంట్లో.

ఇక నాలుగు పాటలే దొరకాలి. వాటి క్యాసెట్ బీరువాలో భద్రంగా ఉంది, మీద నాన్నగారి రాత కూడా చెదరలేదు. టేప్ రికార్డర్లో రబ్బరు బెల్టు సాగిపోయి పాట ఈడ్చుకుంటూ వస్తోంది. గుంటూరు, విజయవాడల్లో ఆ బెల్టులు ఇంకా ఎక్కడైనా అమ్ముతున్నారా? తెలిసినవారు చెప్పండి, వచ్చే ఆదివారం వెళ్ళి తెచ్చుకుంటాను.