రామ్రీ దీవిలో మొసళ్ళేనా, మనోళ్ళు లేరా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో రామ్రీ దీవి గురించి వేసినారు కదా, రెండో ప్రపంచ యుద్ధంలో వెయ్యి మంది జపాన్ సైనికుల్ని ఒక్క రాత్రిలో మొసళ్ళు తినేసినాయని, పక్కన నోరు తెరిచిన మొసలి బొమ్మ అరపేజీ. మా వీధి చివర టీ అంగట్లో ఆ పొద్దంతా అదే మాట. అంతా బాగానే ఉంది గానీ ఆ దీవి మీద దిగినోళ్ళు ఎవరు, ఎందుకు దిగినారు అనేది వెతికితే "బ్రిటిష్ సేనలు" అని రెండు మాటలు, అంతే.

దిగింది ఇండియన్ ఆర్మీ 26వ డివిజన్ సార్. 1945 జనవరి 21న ముందుగా 71వ ఇండియన్ బ్రిగేడ్ బర్మా పడమటి తీరంలో ఉండే ఆ దీవికి ఉత్తరం కొసన, క్యాక్‌ప్యూ దగ్గర ఒడ్డెక్కింది, దాంట్లో పంజాబోళ్ళు, గఢ్వాలోళ్ళు, ఒక ఇంగ్లీషు బెటాలియన్ ఉన్న్యారు. అంతకు ముందు క్వీన్ ఎలిజబెత్ అనే పెద్ద యుద్ధనౌక 15 అంగుళాల ఫిరంగులతో ఒడ్డును దున్నేసింది, పైనుంచి విమానాలు బాంబులేసినాయి, అయినా ఒక లాంచీ, ఒక పడవ మైన్లు తగిలి దెబ్బతిన్న్యాయి. ఆ దాడికి పోయిన ఓడల్లో రాయల్ ఇండియన్ నేవీది ఒకటి ఉంది, పేరు కిస్ట్నా. కిస్ట్నా అంటే ఏందో కాదు, మన కృష్ణే, ఇంగ్లీషోళ్ళ నోట్లో పడి అట్ల అయింది. శ్రీశైలంలో పాతాళగంగ మెట్లు దిగి మనం మునిగే నీళ్ళ పేరు పెట్టుకున్న ఓడ అంత దూరం పోయి ఫిరంగులు పేల్చిందంటే మీ పేపర్లో ఒక లైనుకు కూడా పనికిరాలేదా.

ఇంక ఎందుకు దిగినారో చెప్తా, నేను ముప్పై ఏండ్లు ఆర్టీసీలో బస్సు తోలినోన్ని, నాకు ఈ లెక్క బాగా అర్థమైతాది. జనరల్ స్లిమ్ కింద బ్రిటిషోళ్ళ 14వ ఆర్మీ నడిబర్మాలో మాండలే, మెయిక్టిలా దిక్కు పోతాంది, దానికి తిండి, తూటాలు అన్నీ డకోటా విమానాల్లోనే పోవల్ల. విమానం 400 కిలోమీటర్లు దాటి పోవాల్సొస్తే రానూపోనూ పెట్రోలే బరువైపోయి సరుకు తగ్గించల్ల, గిట్టుబాటు కాదు. చిట్టగాంగ్ పక్కనుంచి లేస్తే అందేదానికి దూరమైపోయింది. అందుకని అదే తీరంలో ఉండే అక్యాబ్, రామ్రీ రెండూ కావల్సొచ్చినాయి, అక్కడ విమానాలు దిగేదానికి జాగా చేసుకుంటే రంగూన్ దాకా సరుకు పంపొచ్చు, అదీ వానలు పట్టుకునే లోపల. అక్యాబ్‌లో జపానోళ్ళు ముందే ఖాళీ చేసి పోయినారు, రామ్రీలో మాత్రం కూర్చున్న్యారు, ఒక బెటాలియన్, సుమారు వెయ్యి మంది. దక్షిణానికి పోయేకొద్దీ వాగుల కాడ గట్టిగా నిలబడినారు. ఫిబ్రవరి 9కి గానీ రామ్రీ ఊరు చేతికి రాలేదు. మే 2న రంగూన్ దగ్గర సముద్రం మీంచి దిగింది కూడా ఈ 26వ డివిజనే.

మొసళ్ళ సంగతికొస్తే, జపానోళ్ళు ఓడిపోయి పారిపోతా చొరబడిన మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉండేది నిజమే, ఒకరిద్దర్ని పట్టుకోనుంటే పట్టుకోనుండొచ్చు. వెయ్యి మందిని తినల్లంటే ఎన్ని మొసళ్ళు కావల్ల, మిగిలిన రోజుల్లో అవన్నీ ఏం తిని బతికినట్టు? గజేంద్రున్ని పట్టిన మొసలి కూడా ఒక్క ఏనుగు కాలుతోనే ఎన్నేండ్లు తంటాలు పడింది. ఈ కథ 1962లో ఒక కెనడా ఆయన రాసినాక ఊరూరా తిరిగింది, గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది. అప్పటి మిలిటరీ రిపోర్టుల్లో అట్లాంటి మాట లేదు. బురదలో తాగే నీళ్ళు లేక, దోమలు కుట్టి, కాలువల నోట్లో కాపు కాసిన లాంచీల తూటాలకు చచ్చినోళ్ళే ఎక్కువ, 500 మంది దాకా ఒడ్డు దాటి తప్పించుకున్న్యారు కూడా.

మా జేజినాయన ఆ పక్క అరకాన్‌లోనే మిలిటరీ లారీ తోలినాడు, రామ్రీకి పోలేదు, మాంగ్డా నుంచి బుథిడాంగ్ పోయే సొరంగాల రోడ్డు మీద. చిన్నప్పుడు నేను "మొసళ్ళు చూసినావా" అని అడిగితే "లేదురా, జలగలు చూసినా, బూటు ఇప్పితే లోపల రెత్తమే" అనేవాడు. ఆయన బర్మా స్టార్ పతకం ఇప్పటికీ మా ఇంట్లో ఉండాది, ఆరు మూలల నక్షత్రం, నీలం ఎరుపు రిబ్బను సగం ఎలకలు కొరికేసినాయి. మా జేజి దాన్ని దేవుని గూట్లో పెట్టి ఆయుధపూజ రోజు కుంకుం పెట్టేది, ఆ కుంకుం ఇంకా గీతల్లో ఇరుక్కోనే ఉండాది.

ఇంకొకటి, మీ కథనంలో సంవత్సరం 1943 అని పడింది. 1945. అదన్నా సరిదిద్ది వేయండి.

ఇట్లు
ఒక పాత పాఠకుడు, రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్
ప్రొద్దుటూరు, కడప జిల్లా