మంచం కింద నాలుగు కాళ్ళు: ఆరోగ్య మంత్రి గారికి ఒక టర్నర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద పని చేసుకునే టర్నర్‌ని. 2003లో లంకెలపాలెం దగ్గర హైవే మీద లారీ గుద్ది నా ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. అప్పటి నుంచి ఐదు కృత్రిమ కాళ్ళు మారాయి. ఐదోది తొడుక్కుని కూర్చుని మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మిగతా నాలుగూ మా మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి. అందులో రెండు విరగలేదు, అరగలేదు. సరిపోలేదు, అంతే.

నేను ఇంకో కాలు ఇమ్మని రాయడం లేదు. పింఛన్ గురించి కూడా కాదు. 2024 జూలై నుంచి మాకు పింఛన్ 6,000 అయింది. దానికి ఒక దండం. నేను అడగబోయేది కాళ్ళు చేసేవాళ్ళ కోసం.

మా ఆటోనగర్‌లో ఒక షాఫ్టు కొలత తప్పి రిజెక్టు అయితే ఎవరూ దాచరు. దాచుదామన్నా కుదరదు. టీ టైముకి పక్క షెడ్ల నుంచి నలుగురొచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తారు. టూలు యాంగిల్ తప్పని ఒకడంటాడు, లేత్ చక్ పట్టులో జాబు, అంటే చెక్కే ముక్క, సరిగ్గా పట్టలేదని ఇంకొకడంటాడు. చేసిన కుర్రాడికి నాలుగు తిట్లు పడతాయి, అందరూ నవ్వుతారు. వాడు మళ్ళీ ఆ తప్పు చేయడు. నేను పని నేర్చుకున్నది అలాగే. కాళ్ళు చేసేవాళ్ళకి ఈ టీ టైము లేదు. వాళ్ళ రిజెక్టు జాబులు మా మంచాల కింద ఉంటాయి. అది సరిపోలేదన్న సంగతి చేసినవాడికి ఎప్పటికీ తెలీదు.

బయటివాళ్ళకి కృత్రిమ కాలంటే కింద కనిపించే పాదమే గుర్తొస్తుంది. అసలు పనంతా పైన, మొండి కాలు దూరే గిన్నెలాంటి సాకెట్‌లో ఉంటుంది. తెగిన కాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి కాలి బొమ్మ చేస్తారు. దాన్ని ఆకురాయితో కొన్నిచోట్ల అరగదీస్తారు, కొన్నిచోట్ల పూత వేసి పెంచుతారు. మోకాలి చిప్ప కింద గట్టిగా ఉండే పట్టీలాంటి భాగం బరువు మోయగలదు, అక్కడ బిగువు ఇవ్వాలి. బయటి పక్కనున్న సన్న ఎముక తల దగ్గర, ముందు ఎముక అంచు మీద ఖాళీ వదలాలి. తర్వాత ప్లాస్టిక్ రేకుని ఓవెన్‌లో మెత్తబరిచి దాని మీద కప్పుతారు. మాకు మైక్రోమీటర్ ఉంది. వాళ్ళకి బొటనవేలే మైక్రోమీటర్. ఎక్కడ నొక్కితే మనిషి ముఖం ముడుచుకుంటున్నాడో చూసి కొలత తీసుకోవాలి. పైగా నేను పొద్దున తీసిన ఇనుప షాఫ్టు సాయంత్రానికి సన్నబడదు. మొండి కాలు సన్నబడుతుంది. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది నెలనెలా చిక్కిపోతుంది. ఆ తర్వాత కూడా పొద్దుటి లావు సాయంత్రానికి ఉండదు.

ఈ ఆఖరి ముక్క నాకు రెండేళ్ళ దాకా తెలీదు. మధ్యాహ్నం దాటాక సాకెట్‌లో కాలు లోపలికి దిగిపోయి ఎముక అడుగున తగిలేది. ఇంటికొచ్చేసరికి పుండు. కాలు చేసినవాళ్ళ తప్పనుకుని తిట్టుకున్నాను. ఒక క్యాంపు లైన్‌లో నా ముందు నించున్న పెద్దాయన, అనకాపల్లి వైపు బెల్లం వ్యాపారి, నా నడక చూసి అడిగాడు: ‘‘సాయంత్రం ఇంకో మేజోడు వేసుకోవేటి?’’ అంతే వైద్యం. పొద్దున ఒక మేజోడు, మధ్యాహ్నం పైన ఇంకొకటి. రెండేళ్ళ పుండ్లు ఒక వారంలో మానాయి. ఆ మాట నాకు కాలు ఇచ్చిన రోజే చెప్పాల్సింది. ఎవరు చెప్పాలన్నది ఎవరికీ అప్పగించలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి చెబుతాను, ఇది మా ఇంట్లో జరిగింది. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రిలో మా ఆవిడ నా కాలి కింద మెత్తటి దిండు పెట్టి పడుకోబెట్టేది. ప్రేమ. వార్డులో అందరూ చూశారు, ఒక్కరూ తీసెయ్యమనలేదు. నెల తిరిగేసరికి మోకాలు వంగినచోటే బిగుసుకుపోయింది. మోకాలు చాచలేని మనిషికి ఎంత మంచి కాలు చేసినా నడక కుంటే. ఫిజియోథెరపీలో ఆ మోకాలిని మళ్ళీ సాగదీయడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ షెడ్డు మూసే ఉంది. అది ఏ ఆస్పత్రో చెప్పను. ఏ ఆస్పత్రిలోనైనా ఇలా జరిగి ఉండేదని నాకిప్పుడు తెలుసు. కాలు కింద దిండు వద్దని వార్డు సిస్టర్‌కి చెప్పగలిగిన మనిషి, అంటే రేపు కాలు చేయబోయే మనిషి, ఆ వార్డులోకి అడుగే పెట్టడు.

సర్జన్ సంగతీ అంతే. నా మూడో కాలు చేసినాయన నా ఎముక చివర చెయ్యి పెట్టి చూసి నిట్టూర్చాడు. ముందు ఎముకని కోశాక దాని ముందంచుని ఏటవాలుగా నున్నగా చెయ్యాలట, లేకపోతే ఆ మొన లోపల్నుంచి చర్మాన్ని పొడుస్తూనే ఉంటుందట. నాకు నవ్వొచ్చింది. మేం దాన్ని చాంఫర్ కొట్టడం అంటాం, అది కొట్టకుండా జాబు బయటికి పంపితే ఇన్‌స్పెక్టర్ మొహాన కొడతాడు. ‘‘ఈ మాట ఆ డాక్టరు గారికి చెప్పారా?’’ అని అడిగాను. ‘‘నేనెవర్ని చెప్పడానికి?’’ అన్నాడు. మంత్రి గారూ, ఈ లేఖ అంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

ఈ విషయం మా శాఖది కాదు, విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖది అని మీ అధికారులు ఫైలు మీద రాయవచ్చు. నిజమే. కాళ్ళు, కాలిపర్లు (బలం లేని కాలికి ఊతంగా కట్టే కడ్డీల పట్టీలు), చెవి మిషన్లు ఇచ్చే ఏడిప్ పథకం 1981 నుంచీ కేంద్రంలో సంక్షేమం చూసే శాఖ కిందే నడుస్తోంది. కాలు తీసెయ్యడం మీ శాఖ పని, కాలు ఇవ్వడం ఇంకో శాఖ పని. ఈ రెండింటి మధ్య మేము ఒంటి కాలి మీద గెంతుతూ తిరుగుతున్నాం. అందుకే మీకు రాస్తున్నాను. పుండు మీ దగ్గరే మొదలవుతుంది.

జైపూర్ కాలు కథ మీకు తెలిసే ఉంటుంది. దాన్ని చేసింది పెద్ద కంపెనీ కాదు. జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో ఎముకల డాక్టరు పి.కె. సేథీ, అక్కడే పనిచేసే శిల్పి రామచంద్ర శర్మ. శర్మని అందరూ మాస్టర్జీ అనేవారు, పెద్దగా చదువుకున్నవాడు కాదు. బూటు లేకుండా నడవగలిగే, గొంతుక్కూర్చోవడానికి వీలయ్యే పాదం కావాలి వాళ్ళకి. రబ్బరుతో చెయ్యాలంటే ఎలాగో తెలియక లారీ టైర్లు రీట్రెడింగ్ చేసే షాపుకి వెళ్ళి అక్కడ కాల్పించుకున్నారు. డాక్టరు, శిల్పి, టైరు షాపువాడు. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు కాబట్టి ఆ పాదం పుట్టింది. 1981లో మెగసెసే అవార్డు సేథీ గారికే వచ్చింది, మాస్టర్జీకి రాలేదు. అది వేరే బాధ. మా ఆటోనగర్‌లో కూర్చుని ఈ కథ తలుచుకుంటే మాత్రం నాకు ఛాతీ వెడల్పవుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కృత్రిమ అవయవాల సేవలకు ప్రమాణాలు ప్రకటించింది. కాళ్ళు, చేతులు, కాలిపర్లు, నడుం బెల్టులు అన్నీ కలిపితే ప్రతి 200 మందిలో ఒకరికి ఏదో ఒకటి కావాలని దాని అంచనా. పది లక్షల జనాభాకి ఐదు నుంచి పది మంది చదువుకున్న నిపుణులు ఉండాలంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి విశాఖ జిల్లా జనం దాదాపు 43 లక్షలు. అంటే 21 వేల మందికి పైగా మనుషులకి అవసరం, 20 నుంచి 40 మంది దాకా నిపుణులు కావాలి. జిల్లా ఇప్పుడు మూడయింది కానీ మనుషులు తగ్గలేదు. మన దగ్గర ఎంతమంది ఉన్నారో మీరు ఒక్క ఫోనుతో తెప్పించుకోగలరు. తెప్పించుకుని చూడండి.

ఈ చదువు కోసం మన పిల్లలు కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న జాతీయ సంస్థకో, ముంబయికో, కోల్‌కతాకో వెళ్ళాలి. చదివొచ్చాక 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. దాన్ని రెన్యువల్ చేయించుకోవాలంటే క్లాసులకి హాజరై పాయింట్లు తెచ్చుకోవాలి. ఈ నియమం పెట్టినవాళ్ళకి నేను మొక్కుతాను. కానీ ఒక చిన్న వర్క్‌షాపులో ఒక్కడే పనిచేసేవాడు మూడు రోజులు ఊరు దాటి వెళ్తే ఆ మూడు రోజులూ షాపుకి తాళమే. వెళ్ళి కూర్చుంటే తెర మీద బొమ్మలు చూపిస్తారు. బొమ్మలో కాలికి చెమట పట్టదు. మా విశాఖలో మే నెలలో సాకెట్ విప్పితే నీళ్ళు కారతాయి, లోపలి తొడుగు ఒరుసుకుని దద్దుర్లు వస్తాయి. పాడేరు వైపు కొండ దిగువన మడిలో దిగే మనిషికి ఇచ్చే పాదం, ద్వారకానగర్‌లో ఆఫీసుకెళ్ళే మనిషికి ఇచ్చే పాదం ఒకటే అయితే ఎలా? ఏజెన్సీ కొండల నుంచి వచ్చేవాళ్ళు చాలామంది కాలు ఇంట్లో పెట్టి కర్రతోనే పొలానికి వెళ్తారు. ఆ సంగతి తెలియాలంటే వాళ్ళ నోటే వినాలి.

అందుకని నేను అడిగేది ఒక గది, నెలకి ఒక మధ్యాహ్నం.

మా పెద్దాస్పత్రి కేజీహెచ్‌లో పెట్టండి, మెడ్‌టెక్ జోన్‌లో పెట్టండి, మీ ఇష్టం. వైద్య పరికరాల కోసమే స్టీల్‌ప్లాంట్ పక్కన 270 ఎకరాల్లో జోన్ కట్టి, 2018లో ప్రారంభించి, ప్రపంచానికి చూపిస్తున్నాం కదా, అందులో మాకొక గది ఇవ్వడం భారం కాదు. ఆ గదికి సర్కారు ఆస్పత్రిలో చేసేవాడు, ప్రైవేటు షాపువాడు, ధర్మసంస్థల వర్క్‌షాపు వాడు అని తేడా లేకుండా కాళ్ళు, కాలిపర్లు చేసే అందరూ రావాలి. ఎముకల డాక్టర్లలో ఒకరు, ఫిజియోథెరపిస్టు ఒకరు, వార్డు సిస్టర్లలో ఒకరు ప్రతి నెలా రావాలి, మారుతూ అయినా సరే. నాలాంటివాళ్ళు ముగ్గురు నలుగురు తమకి సరిపోని కాళ్ళు పట్టుకుని రావాలి. మేం నడుస్తాం, వాళ్ళు చూస్తారు. విప్పుతాం, ఎర్రబడినచోటు చూపిస్తాం. ఎవరు చేశారని అడగకూడదు, ఎందుకు సరిపోలేదని అడగాలి. ఈ ఒక్క నియమం గోడ మీద రాయించండి. లేకపోతే రెండో నెల నుంచి ఎవరూ రారు. నాకు తెలుసు, తప్పు చేసినవాణ్ణి వెతికే చోట తప్పు బయటికి రాదు.

ఆ మధ్యాహ్నాన్ని డ్యూటీ కింద లెక్కవెయ్యండి. ప్రైవేటులో చేసేవాడికి కూలి నష్టం, వచ్చే మాకు బస్సు చార్జీ ఇప్పించండి. అక్కడ కూర్చున్న గంటలకి పాయింట్లు ఇవ్వమని పునరావాస మండలికి మీ ప్రభుత్వం తరఫున రాయండి. ఆర్నెల్లకోసారి ఓలట్‌పూర్ నుంచి ఒక అధ్యాపకుణ్ణి పిలిపించండి, మన కుర్రాళ్ళని ఇద్దరేసి చొప్పున రెండు వారాలు అక్కడికి పంపండి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగేంత దూరమే కదా. ఒక రిజిస్టరు కూడా పెట్టించండి. ఎవరికి ఏ కాలు ఎప్పుడు ఇచ్చారు, మూడు నెలల తర్వాత తొడుక్కుంటున్నారా లేదా. ఇన్ని కాళ్ళు ఇచ్చామన్న లెక్క ఇప్పటికే మీ దగ్గర ఉంటుంది. ఎన్ని నడుస్తున్నాయన్న లెక్క వేరు.

పిల్లల సంగతి మరిచిపోతానేమో. మా వీధిలో ఒక పాప వంకర పాదాలతో పుట్టింది. వారం వారం ప్లాస్టర్ కట్లు మార్చి, మడమ దగ్గర చిన్న గాటు పెట్టి, పాదాలు చక్కగా తిప్పారు. ఈ పొన్సెటి పద్ధతి నిజంగా అద్భుతం. తర్వాత రెండు బూట్లని కడ్డీతో కలిపిన బ్రేసు తొడగాలి, మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు. పాప మడమ బూటులో సరిగా కూర్చోక ఏడ్చేది. వాళ్ళమ్మ చూడలేక తీసేసింది. పాదం మళ్ళీ తిరిగిపోయింది. డాక్టరు తల్లిని తిట్టాడు. బూటు చేసినవాడికి కబురే లేదు. అరగంట పని అది, బూటు సరిచేస్తే సరిపోయేది.

త్రీడీ ప్రింటింగు, స్కానర్లు వస్తున్నాయని అందరూ చెబుతున్నారు. రానీండి, మెషీన్ అంటే నాకు భయం లేదు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్ వచ్చినప్పుడు కూడా మా షెడ్లు మూతపడలేదు. కానీ సీఎన్‌సీకి తప్పు కొలత ఇస్తే తప్పు జాబునే చాలా నున్నగా చేసిపెడుతుంది.

క్యాంపులు మానెయ్యమని నేను అనను. మీరు రండి, ఫొటోలు దిగండి, మాకూ సంతోషమే. ఆర్నెల్ల తర్వాత అదే మైదానానికి, అదే మనుషుల్ని పిలిచి ఇంకోసారి రండి. అప్పుడు షామియానా అక్కర్లేదు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు చాలు. ఎవరు తొడుక్కుని వచ్చారో, ఎవరు చేత్తో పట్టుకుని వచ్చారో మీరే చూస్తారు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఐదో కాలు వచ్చాక మొన్నొకసారి అందులో సగం దాకా నడిచాను, హనుమంతవాక దాటాక ఆగిపోయాను. ఈ ఐదో కాలు ఎందుకు కుదిరిందో కూడా నాకు తెలీదు, చేసినాయనకీ తెలీదు. ఇద్దరం దాన్ని అదృష్టం అనుకుని ఊరుకున్నాం. ఆయన్ని కూడా ఆ గదికి పిలవండి.

మీరు గది తెరిచిన రోజు కబురు పెట్టండి. మంచం కింది గోనెసంచి నేను మోసుకొస్తాను. నాలుగు కాళ్ళూ మీ బల్ల మీద పెడతాను, మొదట దేన్ని చూస్తారో ఆ గదికి వచ్చినవాళ్ళ ఇష్టం.

ఇట్లు,
ఒక టర్నర్
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం