గోల్ కొట్టనివాళ్లకూ కాస్త చోటివ్వండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో బ్రెజిల్ ఫుట్‌బాల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. 2002 వరల్డ్ కప్ గెలిచిన జట్టు ఫొటో పెద్దగా వేశారు, చూసి సంతోషమేసింది. కింద రాసిందంతా మాత్రం రొనాల్డో, రివాల్డో, రొనాల్డీన్యో గురించే. వాళ్ల గొప్పతనం ఎవరు కాదంటారు గానీ, ఆ టోర్నీలో ఏడు మ్యాచ్‌లూ మొదటి విజిల్ నుంచి మైదానంలో ఉన్న, డిఫెన్స్ ముందు నిలబడి కాపలా కాసే మిడ్‌ఫీల్డర్ గిల్బెర్టో సిల్వా పేరు అంత పొడుగు వ్యాసంలో ఒక్కసారైనా కనబడలేదండీ. ఉత్తరం రాస్తున్నది అందుకే.

అసలు అతను ఆ జట్టులోకి వచ్చిన తీరే ఒక కథ. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో లగోవా ద ప్రాతా అనే చిన్న ఊరు, 1976లో పుట్టాడు. ఇంటి ఇబ్బందుల వల్ల కుర్రతనంలో ఆట పక్కన పెట్టి మిఠాయిల ఫ్యాక్టరీలో కూలికి పోయాడు. అమెరికా మినెయిరో అనే క్లబ్‌లో చేరేసరికి 1997, అంటే వయసు ఇరవై దాటింది. బ్రెజిల్‌లో పదిహేడేళ్లకే యూరప్ వాళ్లు వచ్చి ఎగరేసుకుపోయే రోజులవి, ఆ లెక్కన బాగా ఆలస్యమే. అక్కణ్నుంచి అట్లెటికో మినెయిరో, అక్కణ్నుంచి 2001లో బ్రెజిల్ కోచ్ స్కొలారి పిలుపు. అయినా వరల్డ్ కప్‌కు అతన్ని తీసుకెళ్లింది బెంచీ మీద కూర్చోబెట్టడానికే. జట్టు కెప్టెన్ ఎమర్సన్ ఆడేది కూడా అదే స్థానం మరి. మొదటి మ్యాచ్ రేపనగా ప్రాక్టీసులో ఎమర్సన్ సరదాకి గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు, బంతి కోసం దూకితే భుజం జారింది, టోర్నీ నుంచే అవుట్. కెప్టెన్సీ కాఫూకి వెళ్లింది, ఖాళీ అయిన స్థానం గిల్బెర్టోకి దక్కింది. నెల తిరక్కుండానే యోకోహామాలో కప్పు!

అతను చేసిన పనేంటంటారా? కాఫూ కుడివైపునా, రొబెర్టో కార్లోస్ ఎడమవైపునా ఎప్పుడు పడితే అప్పుడు ముందుకు ఉరికేవాళ్లు, ముందున్న ముగ్గురు ఆర్‌లు (రొనాల్డో, రివాల్డో, రొనాల్డీన్యో) వెనక్కి వచ్చి పరుగెత్తడం తక్కువ. బంతి పోయిందంటే మధ్యలో అంత ఖాళీ. ఆ ఖాళీలో ఎదుటివాడి పాస్ ఎటు పోతుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడటం, బంతి లాక్కుని పక్కనున్నవాడికి సింపుల్‌గా ఇచ్చేయడం, మళ్లీ తన చోటికి రావడం, ఇదీ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఉద్యోగం. పెళ్లింట్లో వడ్డన చూసుకునేవాణ్ని ఎవరూ ఫొటో తీయరు గానీ, చివరి బంతికి పప్పు అందకపోతే అందరికీ అతనే గుర్తుకొస్తాడు. బ్రెజిల్ ఆ ఏడు మ్యాచ్‌లలో ఇచ్చుకున్న గోల్స్ మొత్తం నాలుగు. పైగా టర్కీతో సెమీస్‌లో రొనాల్డో బూటు మొనతో కొట్టిన ఆ ఒక్క గోల్ అందరికీ గుర్తే కదా, ఎడమవైపు నుంచి బంతి తీసుకొచ్చి అతనికి అందించింది గిల్బెర్టోనే.

ఆ వేసవిలోనే ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ అతన్ని 45 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. వరల్డ్ కప్ గెలిచినవాడికి ఇది చవక బేరమే. వచ్చిన కొత్తల్లో లివర్‌పూల్ మీద, సీజన్ మొదట్లో ఆడే కమ్యూనిటీ షీల్డ్ గెలిపించిన గోల్, సెప్టెంబరులో హాలండ్ క్లబ్ పీఎస్‌వీ మీద 20.07 సెకన్లకే ఇంకో గోల్ కొట్టాడు. యూరప్ క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో అప్పటికి అంత త్వరగా ఎవరూ కొట్టలేదు. ఇవి అతని అసలు పని కాదు లెండి. అసలు పని 2003-04లో కనబడింది. 38 లీగ్ మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. పక్కన పాట్రిక్ వియెరా ముందుకు దూసుకుపోయాడంటే వెనక గిల్బెర్టో ఉన్నాడన్న ధైర్యంతోనే. ఆ సీజన్ అనగానే మనవాళ్లు స్ట్రైకర్ అన్రీ గోల్స్ లెక్కపెడతారు. నేను వేరే లెక్క చెబుతా. ఆ ఏడాది ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్ 26. తర్వాతి సీజన్‌లో వెన్ను గాయంతో గిల్బెర్టో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు, లీగ్‌లో ఓటమి లేకుండా 49 మ్యాచ్‌ల దాకా సాగిన ఆ జైత్రయాత్ర మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆగిన రోజున కూడా అతను లేడు. సీజన్ ముగిసేసరికి ఇచ్చిన గోల్స్ 36. అంతా అతను లేకపోవడం వల్లే అనను, కానీ పది గోల్స్ తేడా అంటే ఊరికే కొట్టిపారేసేది కాదు కదా.

నాకు బాధ కలిగించేది 2007 సంగతి. అంతకుముందు సీజన్‌లో అన్రీ గాయాలతో సగం మ్యాచ్‌లకు లేకపోతే, గిల్బెర్టోనే జట్టును నడిపించాడు, పెనాల్టీలు కూడా తనే తీసుకుని లీగ్‌లో పది గోల్స్ కొట్టాడు. కొత్త సొంత మైదానం ఎమిరేట్స్ స్టేడియంలో ఆర్సెనల్ తొలి లీగ్ గోల్ కూడా అతనిదే. తీరా అన్రీ బార్సిలోనా వెళ్లిపోయాక కెప్టెన్సీ డిఫెండర్ విలియం గాలాస్‌కి ఇచ్చారు. అదే వేసవిలో దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికాకు వెళ్లిన బ్రెజిల్ జట్టుకు కెప్టెన్ ఎవరనుకున్నారు, గిల్బెర్టోనే! తిరిగొచ్చేసరికి అతని స్థానంలో ఫ్లమినీ, ఇతను బెంచీ మీద. ఆర్సెనల్ కోచ్ వెంగర్ అంటే నాకు గౌరవమే గానీ ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ మింగుడుపడదు. గిల్బెర్టో మాత్రం ఆ సీజన్ పూర్తి చేసి, 2008లో గ్రీస్ వెళ్లి, పనాథినైకోస్‌తో 2010లో లీగూ కప్పూ రెండూ గెలిచాడు.

బ్రెజిల్ కోచ్ దుంగా మాత్రం అతన్ని వదల్లేదు. దుంగా 1994లో కప్పు ఎత్తిన కెప్టెన్, ఆడిందీ ఇదే స్థానంలో, కాబట్టి విలువ తెలుసు. 2010 వరల్డ్ కప్‌లో కూడా ముప్పై మూడేళ్ల గిల్బెర్టో మొదటి పదకొండుమందిలో ఉన్నాడు. ఆఖరుకు ఇంటికి తిరిగొచ్చి 2013లో అట్లెటికో మినెయిరో తన మొదటి లిబెర్తదోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్పు) గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. అన్నట్టు ఇతనికి మాండొలిన్ వాయించడం కూడా వచ్చు. మాండొలిన్ అంటే మన పాలకొల్లు శ్రీనివాస్ తప్ప ఎవరూ తెలియని నాకు ఇది భలే ముచ్చటేసింది.

సార్, మనది ఫుట్‌బాల్ తెలియని నేలేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను సెమీస్ దాకా తీసుకెళ్లిన కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాద్ మనిషి, ఆ జట్టు మధ్యలో ఆడిన నూర్ మహమ్మద్ హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు. అతని గురించి కూడా మీ పేజీలో చదివిన గుర్తు లేదు. వారానికో చిన్న కాలమ్ ఇలాంటివాళ్లకు ఇస్తే ఏం పోతుంది? గిల్బెర్టోతో మొదలుపెట్టండి, తర్వాత 1994 కప్పు జట్టులో ఇదే పని చేసిన మౌరో సిల్వా, రియల్ మాడ్రిడ్‌తో అయిదు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచిన కాసెమిరో, మధ్యలో మన నూర్ మహమ్మద్. ఆదివారం పేజీలో చోటు లేదంటే సోమవారమైనా సరే, కానీ గోల్స్ కొట్టినవాళ్ల ఫొటో మాత్రం వేయకండి.

ఇట్లు,
ఒక పాత ఫుట్‌బాల్ పిచ్చోడు,
హనుమకొండ